నష్టమేమీ జరగలేదు

"నష్టమా? ఏమీ జరగలేదురా. మేమే కడుక్కున్నాం," అన్నాడు ఆమె భర్త, ఇన్సూరెన్స్ ఏజెంటు అడిగిన ప్రశ్నకి.

టీ కప్పులు బల్ల మీద పెడుతున్న ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఏజెంటు భర్తకి చిన్నప్పటి స్నేహితుడు. ఏటా ఈ రోజుల్లోనే వచ్చి ఇంటి పాలసీ కాగితాలు కొత్తవి రాయించుకుని పోతాడు. ఈసారి వాటితో పాటు ఇంకో అదనపు పాలసీ తెచ్చాడు. అది ఇష్టమైతే తీసుకోవచ్చు, బలవంతం లేదు. వానలకి మురుగుకాలువ పొంగి నీళ్ళు ఇంట్లోకి ఎదురుతన్నితే, శుభ్రం చేసే మనుషుల్ని, నేల ఆరబెట్టే యంత్రాల్ని కంపెనీయే పంపిస్తుంది. "మీది కింది వాటా కదా, కిందటేడు నీళ్ళు వచ్చాయని విన్నాను. ఏమాత్రం నష్టపోయారు?" అని అడిగాడు. దానికి భర్త చెప్పిన జవాబు అది.

మేమే. ఆమె మనసు ఆ మాట దగ్గరే ఇరుక్కుపోయింది. కిందటేడు వానల్లో ఒక పొద్దున బాత్రూం తూము గుడగుడలాడి, చూస్తుండగానే నల్లటి నీళ్ళు వెనక గది దాటి హాల్లోకి వచ్చేశాయి. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, "మీటింగుంది, నువ్వు కాస్త చూసుకో," అని గోడవారగా నడిచి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి ముక్కు మూసుకుని, "ఇంకా వాసన పోలేదేం?" అన్నాడు. నాలుగు రోజులు మగ్గుతో తోడింది. బకెట్లు మోసింది. తడిసిన పరుపుని ఒక్కతే డాబా మీదికి ఈడ్చింది. గోడల అడుగున పట్టిన చారల్ని పాత టూత్ బ్రష్షుతో గీకింది. ఎవరినైనా పిలుద్దామంటే, అత్తగారు మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, "ఇంట్లో ఆడమనిషి ఉండగా బయటివాళ్ళ చేత కడిగిస్తారా ఎక్కడైనా?" అంది. అయిదో రోజుకి ఆమె వేళ్ళు పొక్కి, గోళ్ళ చుట్టూ చీము పట్టింది. ఆమె చేసేదేమో పళ్ళ డాక్టరు పక్కన నిలబడి పనిముట్లు అందించే ఉద్యోగం. అలాంటి చేతుల్ని పేషెంటు నోటి దరిదాపులకి కూడా రానివ్వరు. మరో పది రోజులు సెలవు పెట్టి తిరిగి వెళ్ళేసరికి, ఆమెకిస్తానన్న సీనియర్ పోస్టులో వేరే అమ్మాయి ఉంది. "ఏం చెయ్యనమ్మా, నాకు మనిషి కావాలి కదా," అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, "పోనీలే, ఇంటి పని కాస్త తీరిగ్గా చేసుకోవచ్చు," అన్నాడాయన. వెటకారం కాదు, ఓదార్పుగానే అన్నాడు.

"అనవసరంరా, ఆ ఒక్కటీ కొట్టెయ్," అంటున్నాడు భర్త ఇప్పుడు. "మళ్ళీ వచ్చినా ఓ పూట పని."

"ఓ పూట కాదు," అంది ఆమె. "నాలుగు రోజులు. ఆ తర్వాత పది రోజులు చేతులకి కట్లు."

"అబ్బ, ఇప్పుడవన్నీ ఎందుకు? వాడి వ్యాపారం కోసం వాడు సవాలక్ష చెబుతాడు," అని నవ్వాడు. ఏజెంటు ఇబ్బందిగా కదిలి, "అది కాదురా, చెల్లెమ్మ చెప్పేది కూడా..." అని నసిగాడు.

"రాయకండి అన్నయ్యగారూ. ఆయన వద్దన్నారు కదా," అంది ఆమె. "కానీ ఈసారి నీళ్ళొస్తే నేను ముట్టుకోను. నా టైముకి నేను డ్యూటీకి వెళ్ళిపోతాను."

గొంతు పెరగలేదు. అయినా లోపలి గదిలో అత్తగారి దగ్గు ఠక్కున ఆగింది. భర్త కప్పు ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు. బాత్రూం వైపు ఓసారి చూశాడు.

"ఎంతన్నావురా అది?" అన్నాడు ఏజెంటుతో.

సంతకమయ్యాక వంటింటి గుమ్మంలోకి వచ్చి, "నీ మాటే నెగ్గిందిలే, సంతోషమేనా?" అన్నాడు. ఆమెకి నెగ్గినట్టు అనిపించలేదు. ఆమె ఆ అదనపు పాలసీ కావాలని అడగనే లేదు. అయిదు నిమిషాల కిందట ఆయనకి దండగ అనిపించినది, ఆమె ముట్టుకోనన్న మరుక్షణం అవసరమైపోయింది. మరి ఇన్నాళ్ళూ దాని అవసరం లేకుండా చేసింది ఎవరి చాకిరో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కప్పులు కడుగుతుంటే ఇంకో గుబులు పట్టుకుంది. అనడమైతే అంది, తీరా ఆ రోజు వస్తే కాలు బయట పెట్టగలదా?

రెండు నెలలకి ఆ రోజు రానే వచ్చింది. తెల్లవారేదాకా కురిసిన వానకి తూము మళ్ళీ పొంగింది. మొదట చూసింది ఆమే. చెయ్యి దానంతటదే మగ్గు మీదికి పోయింది. బలవంతాన వెనక్కి తీసుకుని, భర్తని లేపింది. ఆయన పాలసీ కాగితం వెతికి, కంపెనీకి ఫోన్ చేసి, చాలాసేపు ఆఁ, ఊఁ అంటూ విన్నాడు. ఆమె జడ వేసుకుంది, క్లినిక్ గుర్తింపు కార్డు మెడలో తగిలించుకుంది. నల్లటి నీళ్ళు హాల్లోకి పాకుతున్నాయి.

ఆయన ఫోన్ పెట్టేశాడు. "మధ్యాహ్నానికి మనుషులొస్తారట. అందాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలట," అన్నాడు ఆమెనే చూస్తూ. మంచం మీంచి అత్తగారు కూడా ఆమెనే చూసింది.

ఈ ఒక్కరోజుకీ ఉండిపోదామా, అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసి, వంగి చెప్పుల పట్టీ పెట్టుకుంది.

"మీరున్నారుగా," అంది.