ఆదివారం మానని లజార్

ఆదివారం పన్నెండు కొట్టగానే లజార్ వచ్చేవాడు. చచ్చిపోయి ఆరేళ్ళయింది, ఒక్క ఆదివారం తప్పలేదు. పొయ్యి పక్కన తన కుర్చీలో కూలబడి, భార్య ఉర్సుల్ ముందు పెట్టిన క్యాబేజీ సూపు ఆవిరి పీల్చి, "ఉప్పెక్కువైంది" అనేవాడు. చుక్క కూడా తాగకుండా ఉప్పు సంగతి ఎలా తెలిసిందని ఆవిడ అడిగేది కాదు. బతికున్నన్నాళ్ళూ అదే మాట విని విని ఆమె చెవులు మొద్దుబారిపోయాయి.

పక్కింటి గియ్యెమెత్ తలుపులోంచి తొంగిచూసి, "లజార్, రేపు బట్టలారేయమంటావా, వానొస్తుందా?" అని అడిగేది. కిందనున్నవాళ్ళకి తేమ ముందే తెలుస్తుంది. "గురువారం దాకా భయం లేదు" అనేవాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయేది. ఊళ్ళో మిగతా చచ్చినవాళ్ళకి ఇంత ఓపిక లేదు, బద్ధకంగా పడుకుని ఉండేవాళ్ళు.

అంతలో పారిస్‌లో పెద్దలు ఆదివారాన్ని తీసేశారు. ముందు రాజుగారి తల తీశారు, తర్వాత గుడి గంటలు దింపి ఫిరంగులు పోయించారు, ఊరి పేరులోంచి సెయింటుని తీసి అవతల పారేశారు, ఆఖరికి వారం మీద పడ్డారు. ఇక నుంచి వారానికి పది రోజులట. తొమ్మిది రోజులు ఒళ్ళు విరిగేలా పని, పదోరోజు విశ్రాంతి. ఏడోరోజు విశ్రాంతి రాజు ఇచ్చిన ముష్టి, పదోరోజుది మాత్రం స్వేచ్ఛ. మనిషికి చెప్పొచ్చు గానీ గాడిదకి ఎవరు చెప్తారు? ఏడోరోజు రాగానే మిల్లు గాడిదలు కాలు కదపనని మొరాయించేవి.

చాకలి పని చేసే ఉర్సుల్‌కి మురికి బట్టలు ఏ రాజ్యంలోనైనా ఒకటే. అందరూ సమానమే అని మునిసిపల్ గోడ మీద ఎర్రటి అక్షరాలతో రాశారు. ఆ గోడ పక్కనే పొద్దున్న ఆరింటికి వెళ్ళి రొట్టె కోసం వరసలో నిలబడాలి. రాయడానికి రంగు దొరికింది గానీ పిండి దొరకలేదని ఆవిడ గొణిగేది. గట్టిగా అంటే జైలే.

జైలుకి పంపే పని మతురాన్ గలూబేది. ఒకప్పుడు విగ్గులు చేసేవాడు. విప్లవం వచ్చాక విగ్గు పెట్టుకున్న వాళ్ళంతా పారిపోయారు, అతని కొట్టు మూతపడింది. కడుపులో మంటతో సభలో గొంతు చించుకుని అరిస్తే, జనం చేతులెత్తి నిఘా సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఉర్సుల్ కూడా ఎత్తింది. అప్పుడతన్ని చూస్తే జాలేసింది మరి.

ఒక ఆదివారం గలూబే నడుముకి మూడు రంగుల గుడ్డ చుట్టుకుని, ఇద్దరు సిపాయిలతో ఆమె గుమ్మంలో దిగాడు. లజార్ అప్పుడే ఆవిరి పీలుస్తున్నాడు.

"పౌరురాలా, నీ ఇంట్లో ఆదివారం పాటిస్తున్నారు."

"రండి గలూబే గారూ, కూచోండి."

"గారూ లేదు, మీరూ లేదు. నువ్వు అనాలి. చట్టం."

"సరే, కూచో." పన్నెండేళ్ళు అతని చొక్కాలు ఉతికిన మనిషి. ఆ మాట అనేసరికి ఆమెకి నోరు చేదుగా అయింది.

"నీ మొగుడు పదోరోజునే రావాలి. ఇలా ఏడోరోజున వచ్చి పాత మతాన్ని పోషించడం ద్రోహం."

"నేనేం చెయ్యను? బతికుండగానే నా మాట వినలేదు. కావాలంటే నువ్వే చెప్పుకో."

లజార్ తల తిప్పి గలూబే వంక చూశాడు. "నేను చచ్చేనాటికి ఆదివారాలున్నాయి. కొత్త లెక్క మాకెవరూ చెప్పలేదు."

"అయితే చెప్తాం" అన్నాడు గలూబే. "ఇవాళ నుంచి నాలుగో రోజున పదోరోజు సభ. అప్పటికి నీ మొగుడు దారికి రాకపోతే, జైలుకి పంపే జాబితాలో నీ పేరుంటుంది."

ఆ జైలుకి వెళ్ళినవాళ్ళు బండిలో తిరిగొచ్చేవారు, ఊరి చౌరస్తాలో తల కొట్టించుకోవడానికి. నోటరీ కోర్నియోని రెండు నెలల కిందట అలాగే తెచ్చారు. అతను చేసిన నేరం గలూబేకి పాత విగ్గు తాలూకు బాకీ ఒకటి తీర్చకపోవడమేనని ఊరంతా గుసగుసలాడింది.

మర్నాడు గలూబే డప్పు వాయించేవాణ్ణి వెంటబెట్టుకుని శ్మశానానికి వెళ్ళాడు. సమాధుల మధ్య నిలబడి శాసనం చదివాడు. ఈ ఊరి పౌరులందరూ, నేల మీదున్నా కిందున్నా, ప్రతి పదోరోజూ తప్పనిసరిగా హాజరు కావాలి. మూడుసార్లు చదివాడు, కింద బాగా వినబడాలని. సంతకం పెట్టి, కాగితాన్ని గేటుకి మేకుతో కొట్టాడు.

పదోరోజు ఉర్సుల్ పొద్దున్నే సూపు పెట్టి కుర్చీ తుడిచి కూచుంది. పదకొండు కొట్టింది, పన్నెండు కొట్టింది. లజార్ రాలేదు. "చచ్చినా నన్ను చంపుకుతినడం మానడు" అని పళ్ళు నూరుతుండగానే సిపాయిలు వచ్చి చెయ్యి పట్టుకుని లేపారు.

ఒకప్పుడు గుడి, ఇప్పుడు సభామందిరం. ముందు బల్లల మీద ఊరివాళ్ళు తలలు దించుకుని కూచున్నారు. వెనక బల్లలు మట్టివాసన కొడుతున్నాయి. శాసనంలో ఇంటికి రమ్మని రాయలేదు, హాజరు కావాలని రాశారు. అందుకని శ్మశానంలో వాళ్ళందరూ ఇక్కడికే వచ్చారు. లజార్ మూడో వరసలో ఉన్నాడు. నోటరీ కోర్నియో తన తలని ఒళ్ళో క్యాబేజీలా పట్టుకుని కూచున్నాడు.

"హాజరు బాగుంది" అన్నాడు గలూబే తృప్తిగా. తర్వాత కాగితం తీశాడు. "లజార్ దారికొచ్చాడు, సంతోషం. కానీ ఇన్ని నెలలు ఆదివారాలు పాటించిన తప్పు తప్పే. పౌరురాలు ఉర్సుల్‌ని జైలుకి పంపడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

ముందు బల్లల్లో చేతులు ఒక్కొక్కటే లేచాయి. గియ్యెమెత్ చెయ్యి కూడా లేచింది. ఉర్సుల్ వైపు చూడకుండా గోడకేసి చూస్తోంది. తొంభై రెండు.

"ఒప్పుకోనివాళ్ళు?" అని మామూలుగా అడిగాడు గలూబే, కాగితం మడుస్తూ.

వెనక నుంచి చేతులు లేచాయి. లజార్‌ది, అతని తల్లిది, మశూచితో పోయిన పిల్లలవి, నోటరీది. గుమాస్తా రెండుసార్లు లెక్కపెట్టి మూడువందల పదకొండు అన్నాడు. గలూబే ఆ లెక్క కాదనలేడు. కింద ఉన్నవాళ్ళూ పౌరులేనని శాసనం రాసింది తనే కదా.

ఉర్సుల్ పేరు కొట్టేశారు. ఆ గీత ఇంకా ఆరకముందే కసాయి బాజిల్ లేచాడు. "అయితే గలూబేని పంపుదాం. చేతులెత్తండి."

ఈసారి ముందు బల్లల్లో చేతులన్నీ ఒక్కపెట్టున లేచాయి. అందరికంటే పైకెత్తింది ఉర్సుల్. మునివేళ్ళ మీద నిలబడి మరీ ఎత్తింది, ఆనందంతో ఆమె ఒళ్ళు పులకరించింది.

"ఒప్పుకోనివాళ్ళు?" అన్నాడు గుమాస్తా.

మళ్ళీ అవే మూడువందల పదకొండు చేతులు లేచాయి.

సభ అయ్యాక లజార్ వెంట శ్మశానం దాకా నడిచింది ఉర్సుల్. "నన్ను కాపాడారు, సరే. వాణ్ణెందుకయ్యా వదిలారు? తల తీయించుకున్న నోటరీ కూడా చెయ్యెత్తాడే, సిగ్గులేదా?"

"తల తీస్తే వాడెక్కడికి పోతాడనుకున్నావు?"

"నరకానికి."

"అంత దూరం పోడు. తెచ్చి మా మధ్యనే పడుకోబెడతారు. దిగిన రోజునే సభ పెడతాడు, సంఘం పెడతాడు, మర్నాటికి ఎవరు ఎటు తిరిగి పడుకోవాలో శాసనం రాస్తాడు. ఆ పీడ మాకొద్దు. చేతులెత్తి తెచ్చుకున్నది మీరు, మీరే భరించండి."

గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రొట్టె వరసలో గలూబే సరిగ్గా ఆమె ముందు నిలబడ్డాడు. నడుముకి గుడ్డ లేదు. ఎవరూ అతనితో మాట్లాడలేదు, అతనూ ఎవరివంకా చూడలేదు. ఉర్సుల్ తన వంతు వచ్చేదాకా అతని మెడనే చూస్తూ నిలబడింది.