అతుకు దగ్గర గోడ

“సాయంత్రం తొందరగా వచ్చెయ్. మా మేనేజరూ, వాళ్లావిడా భోజనానికి వస్తున్నారు.”

మాడిన మూకుడు తోముతుంటే వెనకనుంచి మా ఆయన అన్న మాట ఇది. అడగడం కాదు, చెప్పడం. ఇవాళ ల్యాబులో చివరి ముక్క మీద పని ఉందని ఎప్పట్నుంచో చెబుతున్నాను కదా అంటే, “నువ్వు లేకపోతే మీ ల్యాబు మూతపడుతుందా?” అని నవ్వాడు. నేను లేకపోతే ఈ వంటిల్లు మాత్రం మూతపడుతుంది కాబోలు. కోపమంతా మూకుడు మీద చూపించాను. గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య, “ఇంకా తోమితే చిల్లు పడుతుందే అమ్మాయ్,” అంది.

నా ఉద్యోగం గురించి మొదలుపెడితే ఇంట్లో అందరికీ ఆవులింతలు వస్తాయి. గోరంత సెమీకండక్టర్ ముక్క మీద లోహం పూత వేసి, దానిలోంచి కరెంటు పంపించి కొలవడం నా పని. లోహానికీ లోహానికీ అతుకు వేస్తే కరెంటు అటూ ఇటూ హాయిగా తిరుగుతుంది. అదే లోహం వెళ్లి సెమీకండక్టర్‌ని తాకిందా, తాకిన చోట కంటికి కనబడని గోడ ఒకటి లేస్తుంది. ఇటు నుంచి తోస్తే కరెంటు పోతుంది, అటు నుంచి తోస్తే కదలదు. కొన్ని పరికరాలకు అదే కావాలి గానీ మాకు రెండువైపులా సమానంగా పారాలి. మొదటిసారి ఆ కొలత చూసినప్పుడు మా ఇల్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నా దగ్గర్నుంచి అటు అన్నీ పోతాయి, జీతం, నిద్ర, ఆదివారాలు. అటు నుంచి ఒక గ్లాసు మంచినీళ్లయినా రావు. నవ్వాక ఏడుపు కూడా వచ్చింది, అది వేరే సంగతి.

ఇంతవరకు వేసిన అతుకులన్నీ ఒకవైపే పనిచేశాయి. “ఇంటి ధ్యాసతో వస్తారు, శుభ్రం చేయడంలో తేడా వస్తోంది,” అని మా హెడ్డు అందరి ముందూ అనేశారు. ఆసిడ్‌లో ముంచి తీసిన ముక్కకు గాలి తగిలితే చాలు, పైన సన్నటి పొర కట్టేస్తుంది. అందుకే తీసీ తీయగానే దాన్ని గాలి లేని పెట్టెలోకి పంపేయాలి. ఫోన్ మోగినా, కొంప మునిగినా చెయ్యి ఆగకూడదు. నా చెయ్యి ఏనాడూ ఆగలేదు. లోపం కొలిమి దగ్గరుందని నా నమ్మకం. పూత వేశాక సరిపడా వేడి తగిలితేనే లోహం కాస్త లోపలికి ఇంకి, గోడ పలచబడి, కరెంటు దాటుతుంది. వేడి పెంచుదామని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. “ముక్క పాడైతేనో?” అనేవారు హెడ్డు.

ఇవాళ ల్యాబు కోటు తొడుక్కుంటుంటే ఆయనే నా దగ్గరికి వచ్చారు.

“మీవారు ఫోన్ చేశారు మేడమ్. ఇంట్లో పనుందటగా, మీరు బయల్దేరండి. ఈ ముక్క మీ పక్క టేబులాయన చేస్తాడు, పాత వేడి మీదే.”

ఒళ్లు మండిపోయింది. ఇద్దరు మగాళ్లు ఎంతో మర్యాదగా, నన్ను అడక్కుండా, నా సాయంత్రాన్ని పంచుకున్నారు. ఈ ముక్క కూడా పోతే ఈ పని ఇక్కడితో ఆగిపోతుంది. చేతకానిదాన్నన్న మాట మాత్రం నాకు మిగిలిపోతుంది.

“నేనే చేస్తాను సార్. వేడి పెంచే చేస్తాను.”

“పాడైతే మీదే బాధ్యత.”

“బాగుపడితే కూడా నాదే కదండీ,” అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఇంటికి ఫోన్ చేశాను. “నాకు ఆలస్యమవుతుంది. వంట మొదలుపెట్టండి.”

“నాకేం వచ్చు?”

“పెళ్లైన కొత్తలో నాకూ ఏమీ రాదు,” అని ఫోన్ సొరుగులో పడేశాను.

కొలిమి ముందు కూర్చున్నంతసేపూ భయపడుతూనే ఉన్నాను. చల్లారాక ముక్క తీసి కొలిచాను. ఇటు నుంచి కరెంటు పోయింది, అందులో వింత లేదు. ఈసారి కరెంటు దిశ తిప్పాను. అటు నుంచీ అంతే పారింది. తెర మీద గీత ఎక్కడా వంగకుండా, తిన్నగా సాగింది. హెడ్డు వచ్చి తన చేత్తో మళ్లీ కొలుచుకున్నారు. “రేపు మీటింగులో మీరే చెప్పండి,” అని వెళ్లిపోయారు.

ఇంటికి వెళ్లేసరికి మేనేజరూ, వాళ్లావిడా బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. మా ఆయన చెమటలు కక్కుతూ గిన్నెలు తెస్తున్నాడు. “మా ఆవిడండీ. ఏదో ల్యాబులో వైర్లు అతికిస్తుంటుంది,” అని వాళ్లకు చెప్పి, “ప్లేట్లు పట్రా,” అన్నాడు నాతో. అలవాటైన కాళ్లు వంటింటి వైపు తిరిగాయి.

“ఏం వైర్లండీ అవి?” అంది మేనేజరుగారి భార్య. ఊరికే అడగలేదు, నా వైపే చూస్తోంది.

నా కాళ్లు ఆగాయి. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.

“చెబుతాను. కాస్త పొడుగు కథ.”

మా ఆయన గరిట పట్టుకుని నిలబడిపోయాడు. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఇప్పుడేమంటుందోనని చూశాను. ఆమె నా పక్క కుర్చీలో స్థిమితంగా కూర్చుని కొడుకు వైపు చూసింది.

“నువ్వు వడ్డించరా. నేనూ వినాలి.”