పరాయి పెనంలో సున్నం

ఝాన్సీ ఉద్యోగం మానేసి, వీపుకి సంచీ తగిలించుకుని దేశాలు తిరగడానికి పోతోందని తెలియగానే చోడవరంలో ఆ వీధి వీధంతా బుద్ధులు చెప్పడానికి వచ్చింది. కాశీకి పోతే దండం పెట్టి పంపేవాళ్లు. తిరుపతికి పోతే హుండీలో వెయ్యమని ముడుపులిచ్చి పంపేవాళ్లు. నలభై తొమ్మిదేళ్ల ఆడమనిషి ఊరికే చూడ్డానికి పోతానంటే మాత్రం ఒక్క నోరూ ఊరుకోలేదు.

"ఎవుల్ని సూడ్డానికే?" అంది ఎదురింటి మంగాయమ్మ.

"ఎవుల్నీ కాదు పిన్నీ. ఊళ్లు. దీవులు. సముద్రాలు."

"సముద్రం ఇశాపట్నంలో లేదేటి? బస్సెక్కితే రెండు గంటలు."

"అది సూసేసేను."

"ఎక్కడైనా అవే నీళ్లు కదేటే?"

"మీ కుళాయిలోవీ నీళ్లే, మా కుళాయిలోవీ నీళ్లే. మరి పొద్దున్నే బిందట్టుకుని మా ఇంటికెందుకొస్తన్నావు?"

మంగాయమ్మ మూతి తిప్పుకుని పోయింది. మర్నాడు పొద్దున్న బిందెతో మళ్లీ వచ్చింది, అది వేరే సంగతి.

ఇరవై ఆరేళ్లు నర్సు ఉద్యోగం చేసింది ఝాన్సీ. ఆ ఇరవై ఆరేళ్లలో ఆమె పెట్టిన సెలవులన్నీ అత్తగారి జబ్బుకి, ఆడపడుచు పురుడుకి, కూతురు శ్రీరంజని పరీక్షలకి, ఆ పిల్ల పెళ్లికి. తన కోసం పెట్టుకున్న సెలవు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆడదాని జీతమూ ఇంటికే, ఆడదాని సెలవూ ఇంటికే. ఇదేం న్యాయమని అడిగితే, అందరూ చేసేదే కదా అంటారు. అందరూ చేస్తే న్యాయమైపోతుందా?

ఆమె మొగుడు సత్తిబాబు బెల్లం మనిషి. రావికమతం రోడ్డులో వాళ్లకో గానుగ ఉండేది. పెనంలో చెరుకు రసం ఉడుకుతుంటే ఒక చుక్క తీసి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి, "దింపండి" అనేవాడు. దింపాల్సిందే. ఒక్క నిమిషం ముందైనా, ఒక్క నిమిషం వెనకైనా దిమ్మ కట్టదు. పాకం చూడమని ఇటు రోలుగుంట నుంచి అటు దేవరాపల్లి నుంచి బండ్లు పంపి పిలిపించుకునేవాళ్లు. తర్వాత చెరుకు తోటలు పోయి సరుగుడు తోటలు వచ్చాయి. రెండేళ్ల కిందట గానుగ మూతపడింది. ఆ రోజు నుంచి సత్తిబాబు టీవీ ముందు కూర్చున్నాడు. పెట్టింది తినేవాడు. మాట లేదు, పలుకు లేదు. ఇతన్ని ఇక్కడ వదిలేసి పోతే ఆ గోడలోనే కలిసిపోతాడని ఝాన్సీకి భయమేసింది.

"మావా, నువ్వూ రా," అంది.

"ఎన్నాళ్లు?"

"ఆరు నెల్లు."

"పద," అన్నాడు. ఎక్కడికని కూడా అడగలేదు. కూతురు కొనిపెట్టిన సంచీ వీపుకి తగిలించుకుని, తనే ఇంకో సంచీలాగా ఆమె వెనకాల నడిచాడు.

అలా బ్యాంకాక్ వెళ్లారు. రైళ్లలో దక్షిణానికి దిగి పెనాంగ్ వెళ్లారు. పడవలూ బస్సులూ మారుతూ సుమత్రా, జావా దాటారు. ఒక్కో గదిలో ఎనిమిది మంది పడుకునే చోట్ల, మెట్లెక్కే మంచాల మీద, కూతురంత వయసు పిల్లల మధ్య పడుకున్నారు. ఝాన్సీకి అంతా పండగే. థాయిలాండ్‌లో ఒక చిన్న దీవిలో జర్మనీ పిల్ల ఒకతె ఆమెకి నీళ్ల మీద వెల్లకిలా తేలడం నేర్పింది. పంజాబీ డ్రస్సుతోనే తేలింది. కింద అంత నీరు ఆమె బరువంతా మోస్తుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. పుట్టి బుద్ధెరిగాక ఆమె మొయ్యడమే గాని ఆమెని ఇంకొకరు మోసిందెక్కడ?

సత్తిబాబు ఒడ్డున కూర్చుని చూసేవాడు. ఎంత పెద్ద నగరంలోనైనా అతని కళ్లు చెరుకు రసం బండి దగ్గరే ఆగేవి. ఒక గ్లాసు తాగి, "రసం పల్సన," అనేవాడు. నాలుగు నెలల్లో అతను ఆ దేశాల గురించి చెప్పిన అభిప్రాయం అదొక్కటే.

ఝాన్సీ మనసంతా మాత్రం ఒక కొండ మీదుంది. ఫ్లోరెస్ అని ఒక దీవి. అక్కడ అగ్నిపర్వతం కొన మీద పక్కపక్కనే మూడు చెరువులు, మూడూ మూడు రంగులు. ఆస్పత్రిలో మందుల కంపెనీ వాళ్లు పంచిన క్యాలెండర్లో ఎప్పుడో చూసింది. డిసెంబరు అయిపోయాక కూడా ఆ కాగితం చింపలేదు. ఈ తిరుగుడంతా ఆ కొండ కోసమే. లొంబోక్ దీవికి చేరేసరికి ఇండోనేషియా వీసాలో ఇరవై మూడు రోజులు మిగిలాయి. అవి అయిపోతే ఇంటికే. మళ్లీ ఇంత దూరం ఎవరు రానిస్తారు?

లొంబోక్‌లో ఒక పల్లెలో రెండు రోజులు ఉందామని నూర్‌హయాతి అనే ఆవిడ ఇంట్లో గది తీసుకున్నారు. ఆవిడ మొగుడు చెట్లెక్కి ఒక రకం తాటిగెలల నుంచి నీరు దించుతాడు. ఆవిడ ఇంటి వెనక పాకలో ఆ నీటిని కాచి బెల్లం చేస్తుంది. సంచీలు ఇంకా దించలేదు, సత్తిబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు. గట్టిగా గాలి పీల్చాడు.

"ఝాన్సీ, పాకం వాసనే!"

రెండేళ్ల తర్వాత అతని గొంతులో ప్రాణం విన్నది ఆమె. సంతోషించింది కూడా. ఆ సంతోషమే కొంప ముంచింది.

సాయంత్రం నూర్‌హయాతి నమాజుకి లేచింది. పొయ్యి చూడమని సైగ చేసి తెడ్డు సత్తిబాబు చేతికిచ్చింది. పెనంలో పాకం ఎర్రగా, ముదురుగా తిరుగుతోంది. అది చూసి సత్తిబాబు గుండె కలుక్కుమంది. అతని లెక్కలో బెల్లం పసుపుపచ్చగా మెరవాలి. నల్లబడ్డ దిమ్మని మార్కెట్లో ఎవడూ ముట్టుకోడు, సారా కాచేవాళ్లు తప్ప. పాపం, ఈవిడకి సున్నం వెయ్యాలని తెలియదు కాబోలు అనుకున్నాడు. గానుగలో రసం మడ్డి విరగడానికి సున్నం తప్పనిసరి. అటూ ఇటూ చూశాడు. గుంజకి ఆవిడ తమలపాకుల డబ్బా వేలాడుతోంది. అందులోంచి సున్నం వేలెడు తీసి పెనంలో కలిపేశాడు.

పాకం పసుపుపచ్చగా మారలేదు. బొగ్గులా అయింది.

నూర్‌హయాతి వచ్చి చూసింది, నాలిక మీద వేసుకుంది, ఉమ్మేసింది. తర్వాత పావుగంట ఆగకుండా మాట్లాడింది. ఝాన్సీ ఫోన్లో అనువాదం పెట్టి ఆవిడ ముందు పట్టుకుంది. ఆ యంత్రం గొంతు తెలుగులో చదివింది: "సున్నం చెట్టు మీదే వేస్తాము. నీరు పట్టే వెదురు గొట్టంలోనే, పులవకుండా వేస్తాము. మీ ఆయన బెల్లం చేసేవాడా, గోడలకు సున్నం కొట్టేవాడా?"

ఝాన్సీకి నవ్వాగలేదు. "మనూళ్లో నీరాకి కూడా కుండలో సున్నం రాస్తారు గద మావా! మర్సిపోయేవా?"

"నేను సెరుకు మనిషిని. తాటిసెట్ల సంగతి నాకేటి తెలుసు?" అన్నాడు. మొహం మాత్రం చిన్నబోయింది. ఒక మనిషి పొద్దున్నుంచి ఎక్కి దించిన నీరు, ఒక ఆడమనిషి అంతసేపు మంట దగ్గర కూర్చుని కాచిన పాకం. తన అహంకారంతో చెడగొట్టాడు. అది అతనికి తెలిసింది. తెలియడం గొప్ప సంగతే, చాలామంది మగవాళ్లకి అంతవరకూ కూడా రాదు. "అడుగు, రేపు పెనం నేను కాస్తానని సెప్పు. కట్టెలు నేనే కొడతాను. ఈ నష్టం తీరేదాకా నేనెక్కడికీ రాను."

నూర్‌హయాతి అతన్ని ఎగాదిగా చూసి సరేనంది.

మూడు రోజుల్లో నష్టం తీరిపోయింది. సత్తిబాబు కదల్లేదు. చీకటుండగానే లేచి పొయ్యి రాజేసేవాడు. ఆవిడకి తెలుగు రాదు, ఇతనికి వాళ్ల భాష రాదు, అయినా పెనం ముందు ఇద్దరూ దెబ్బలాడుకునేవాళ్లు. ఇప్పుడు దింపాలని ఇతను, ఇంకా ఆగమని ఆవిడ. ఐదో రోజు ఆవిడే తెడ్డు ఎత్తి ఇతని మొహం కేసి చూసింది, దించనా అన్నట్టు. ఇతను తలాడించాడు. బెల్లం కొబ్బరిచిప్పల్లో రాయిలా కట్టింది. ఆ సాయంత్రం సత్తిబాబు మొదటిసారి సముద్రంలోకి మోకాళ్ల దాకా దిగి కాళ్లు కడుక్కున్నాడు.

మరి ఝాన్సీ? ఝాన్సీ చిప్పలు కడుగుతోంది. కట్టెలు అందిస్తోంది. అతను పొయ్యి దగ్గరుంటే పెళ్లాం కూడా పొయ్యి దగ్గరే ఉంటుందని ఆ ఊళ్లో వాళ్లూ అనుకున్నారు, ఇతనూ అనుకున్నాడు. ఎవరూ ఆమెని అడగలేదు. ఇంత సముద్రం దాటొచ్చి, మళ్లీ పొగలో కళ్లు నులుముకుంటూ కూర్చుంది. తొమ్మిదో రోజు చిప్ప కడుగుతూ కడుగుతూ ఆపేసింది. చేతులు తుడుచుకుని అతని పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"మావా, పద్నాలుగు రోజులే ఉన్నాయి."

"ఇంకో వారం ఉందాం. కొత్త గెలలు కోత్తన్నారు."

"ఇంకో వారమైతే కొండ లేదు."

"కొండ ఎక్కడికీ పోదే."

"నేను పోతాను కదా. ముసిల్దాన్నైపోతాను, మోకాళ్లు పోతాయి. అప్పుడు నువ్వు నన్ను ఎత్తుకుని తీసుకెల్తావేటి?"

అతను మంట ఎగదోశాడు. "అక్కడ... మనూళ్లో నన్ను ఒక్కడూ పిలవట్లేదు ఝాన్సీ. రెండేళ్లు. ఈవిడ మొన్న నా కేసి సూసి పెనం దించింది. సూసేవా?"

"సూసేను," అంది ఆమె. నిజంగానే చూసింది. కోపం రాలేదు. కోపం తెచ్చుకుందామనుకున్నా రాలేదు. ఇతను ఒకరి కళ్లలో మనిషిగా కనబడి రెండేళ్లయింది. తను కనబడి ఎన్నేళ్లయిందో లెక్కే లేదు. ఇద్దరి ఆకలీ ఒకటే, కంచాలే వేరు. అలాంటప్పుడు ఒకరి కంచం ముందు ఇంకొకరు ఉపవాసం కూర్చోవడం దేనికి?

"నువ్వుండు. నేనెల్తాను," అంది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. తిరిగొచ్చి నిన్ను తీసుకెల్తాను. ఇద్దరం కలిసే ఇంటికెల్దాం."

"ఒసే, మనోళ్లకి తెలిస్తే ఏటనుకుంటారే?"

"ఈ పెనం సుట్టూ మనోళ్లెవరున్నారు సూపించు."

అతను నిజంగానే చుట్టూ చూశాడు. నూర్‌హయాతి, ఆవిడ కోళ్లు, పొగ. అతనికే నవ్వొచ్చింది. నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. పొగకే అన్నాడు.

"నాకు భయమేత్తంది," అన్నాడు.

"నాకూ ఏత్తంది. అయితే ఏటి?"

మర్నాడు రేవు దాకా అతనే సంచీ మోసుకొచ్చాడు. టిక్కెట్టు తీసే కిటికీ దగ్గర అలవాటుగా తనే ముందుకి వెళ్లబోయి, ఆగి, పక్కకి తప్పుకున్నాడు. ఝాన్సీ వేలొకటి చూపించి టిక్కెట్టు తీసుకుంది. అతను సంచీ ఆమె వీపుకి ఎక్కించి, పట్టీలు బిగించాడు. బిగించి మళ్లీ వదులు చేశాడు, మళ్లీ బిగించాడు.

"సాలు మావా, ఊపిరాడతలేదు."

"మంచినీళ్లు కొనుక్కుని తాగు. కుళాయిలోవి తాగీకు."

"నర్సుకి సెప్తన్నావా?"

"ఎవులికో ఒకలికి సెప్పాలి కదే," అన్నాడు.

పడవ కదిలింది. రేవు మీద అతను చెయ్యి ఊపడం చేతకాక అలాగే నిలబడ్డాడు, లుంగీ మీద బొగ్గు మరకలతో. ఝాన్సీ చెయ్యి ఊపింది. దిగిపోదామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అప్పటికే మధ్యలో అంత నీరు ఉంది.

పక్క బల్ల మీద కోడిపెట్టని ఒళ్లో పెట్టుకున్న ముసలావిడ ఆమెని తేరిపార చూసి, ఏదో అడిగింది. అందులో ఒక్క మాట ఝాన్సీకి అర్థమైంది. మొగుడేడీ అని.

"అక్కడ బెల్లం వండుతన్నాడు," అని తెలుగులోనే చెప్పి, గాలిలో తెడ్డు తిప్పి చూపించింది ఝాన్సీ.

ముసలావిడ తలాడించింది, అందులో వింతేముందన్నట్టు. కోడిపెట్టని ఇంకో చంకలోకి మార్చుకుని, కాస్త జరిగి, తన పక్కన గాలి బాగా తగిలే చోటికి రమ్మంది.