బౌలర్ వెనక గేటు

ఆల్డర్‌విక్ క్రికెట్ మైదానానికి గేటు ఒక్కటే. ఆ ఒక్కటీ ఉండకూడని చోట ఉంది. సరిగ్గా బౌలర్ వెనక, బంతి బాగా కనబడటానికి కట్టిన తెల్ల తెరని ఆనుకుని. పాపం బ్యాట్స్‌మన్ ఊపిరి బిగబట్టి బంతి కోసం చూస్తుంటే, ఆ బంతి వచ్చే దారి వెనకే ఎవరో ఒకావిడ గొడుగు ఊపుకుంటూ, పక్కావిడకి అల్లుడి సంగతులు చెప్పుకుంటూ నడిచిపోతుంటుంది. అక్కడ గేటు పెట్టాలన్న బుద్ధి ఏ మహానుభావుడికి పుట్టిందో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే చర్చి వెనకున్న అతని సమాధి ఇంత శుభ్రంగా ఉండేది కాదు.

ఆ గేటు దగ్గర మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు హెడ్లీ ప్రౌస్. ఏటా జూలైలో ఎల్మ్‌షైర్ కౌంటీ జట్టు వచ్చి మూడు రోజులు ఆడేటప్పుడు అతని పని ఒక్కటే. బౌలర్ ఈ వైపు నుంచి పరుగు మొదలుపెడితే హెడ్లీ కుడి చెయ్యి పైకి లేస్తుంది. ఓవర్ పూర్తయ్యేదాకా గేట్లోంచి లోపలికి గానీ బయటికి గానీ నరమానవుడు కదలకూడదు. తర్వాతి ఓవర్ అటువైపు నుంచి పడుతుంది కాబట్టి చెయ్యి దిగుతుంది, జనం నడుస్తారు. మళ్ళీ చెయ్యి లేస్తుంది. ఇంతే.

ఇంతే అంటే ఇంతే కాదు. హెడ్లీకి బజారులో ఇనప సామాన్ల కొట్టుంది. అక్కడ అతని మాట మేకులు కొనడానికొచ్చిన వాడు కూడా వినడు. ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ రాజ్యం భార్య మావిస్‌ది. కానీ ఆ మూడు రోజులూ అతను చెయ్యెత్తితే మేయరు కూడా ఆగాల్సిందే. ఒక ఏడు నిజంగానే ఆగాడు, రెండు చేతుల్లో రెండు ఐస్‌క్రీములతో. ఓవర్ అయ్యేసరికి ఐస్‌క్రీములు రెండూ మోచేతుల దాకా వచ్చాయి. మేయరుగారు కిక్కురుమనలేదు. ఓవర్ మధ్యలో కదిలితే తర్వాత ఎన్నికల్లో ఎవడూ ఓటెయ్యడని ఆయనకి తెలుసు.

ఈ కథ జరిగిన ఏడు, అంటే పందొమ్మిది వందల డెబ్బై మూడులో, ఊరికి ఒక పెద్ద దిగులు పట్టుకుంది. ఒకప్పుడు ఎల్మ్‌షైర్ జట్టు సర్కస్ కంపెనీలా ఊరూరూ తిరిగి ఆడేది. సారా బట్టీ వెనక మైదానంలో ఆడేది, అక్కడ మధ్యాహ్నానికల్లా ఫీల్డర్లకి ఆ గాలికే కైపెక్కేది. సముద్రం ఒడ్డున ఆడేది, అక్కడ పొగమంచు దిగితే వికెట్ కీపర్ ఎక్కడున్నాడో కేకేసి కనుక్కోవాల్సి వచ్చేది. బొగ్గు గనుల ఊళ్ళోనూ ఆడేది, ఆ మైదానం ఒక చలికాలం మెల్లగా కిందికి కూరుకుపోయింది. ఒక్కొక్కటీ మూసేసుకుంటూ వచ్చారు. ఒక చోట పాత కార్లు అమ్ముతున్నారు, ఇంకో చోట ఇళ్ళు లేచాయి. ఇక మిగిలినవి రెండే, ముఖ్యపట్నం మార్చెస్టర్‌లోని పెద్ద స్టేడియం, ఈ ఆల్డర్‌విక్. ఇది కూడా ఎత్తేస్తే పీడా పోతుందని కమిటీలో కొందరి ఉద్దేశం. చివరి రోజు సాయంత్రం మార్చెస్టర్‌లో మీటింగు. దానికి ముందు మైదానం చూసి రమ్మని కమిటీ సభ్యుడు ఆర్నల్డ్ ఫెన్విక్‌ని పంపించారు.

ఫెన్విక్ రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పొడుగ్గా, సన్నగా, నల్లకోటు వేసుకుని ఉంటాడు. ఆ మొహంలో నవ్వన్నది ఎవరూ చూసిన పాపాన పోలేదు.

"ఆయన్ని నాకొదిలెయ్యి," అంది మావిస్ ఆ చివరి రోజు పొద్దున్నే ప్లమ్ కేకు గుడ్డలో చుడుతూ. టీ డేరా పెత్తనమంతా ఆవిడదే. "మగాడన్న తర్వాత కడుపు నిండితే మెత్తబడాల్సిందే. నువ్వు మాత్రం నోరు తెరవకు. నీ కుర్చీలో నువ్వు కూచో, నీ చెయ్యి నువ్వు ఎత్తుకో."

"నేనేం మాట్లాడతానే?"

"పోయినేడు బిషప్‌గారితో ఏమన్నావు? 'కదిలారో, దేవుడు క్షమిస్తాడేమో గానీ నేను క్షమించను' అన్నావా లేదా?"

"ఆయన కదిలాడు మరి!"

ఆ రోజు దరిద్రం ముందే లేచి మొహం కడుక్కుని తయారై కూచుంది. ఫెన్విక్ ఆటగాళ్ళ స్నానాల గది చూడబోతే కుళాయి ఊడి చేతికొచ్చింది. పెవిలియన్ కింద నిలబడితే నడినెత్తిన ఒక చుక్క పడింది, వాన కూడా లేదు. ఆట మధ్యలో పక్క చెరువు బాతొకటి పిల్లల్ని వెంటేసుకుని పిచ్ మీదుగా ఊరేగింది. అన్నింటికీ ఆయన ఒకటే మాట. "ఊఁ."

హెడ్లీకి తన కుర్చీలోంచి టీ డేరా కనిపిస్తుంది గానీ మాటలు వినిపించవు. ఫెన్విక్ కేకు ముక్క నోట్లో పెట్టుకోవడం చూశాడు. ఆ మొహం అయినవాళ్ళెవరో పోయినట్టుగా వేలాడిపోయింది. ఇంకో ముక్క పెట్టింది మావిస్. మొహం ఇంకా కిందికి జారింది. హెడ్లీ గుండె కూడా దాంతోపాటే జారింది.

అప్పుడు వచ్చాడు రెజ్ టామ్లిన్, గోరుచుట్టు మీద రోకటిపోటులా. ఊళ్ళో శవపేటికలు చేసేదీ, శవాల బండి నడిపేదీ ఇతనే. హెడ్లీకి చిన్నప్పటి స్నేహితుడు.

"ఒరేయ్ హెడ్లీ, మన పని అయిపోయిందిరా. రైలెప్పుడని అడుగుతున్నాడు. ఈ సాయంత్రమే వెళ్ళి మీటింగులో తేల్చేస్తాడట."

"ఏమని తేలుస్తాడు?"

"ఆ మొహం చూస్తే తెలియట్లా? నేను రోజూ చూసే మొహాలేరా అవి. మూసెయ్యమంటాడు." రెజ్ గొంతు తగ్గించాడు. "అయితే ఒకటి. ఆయన వెళ్ళి చెబితేనే గానీ తేల్చరట. ఆయన లేకపోతే వచ్చే ఏటికి వాయిదా అట."

"ఎవరు చెప్పారు?"

"అనుకుంటున్నారు."

చావు కబుర్లు తప్ప రెజ్ చెప్పిన కబురు ఏదీ నిజమైన దాఖలా లేదు. ఆ సంగతి మామూలు రోజైతే హెడ్లీకి గుర్తుండేది.

సాయంత్రం ఎండ పల్చబడ్డాక ఫెన్విక్ సంచీ చేత్తో పట్టుకుని గబగబా గేటు వైపు వచ్చాడు. స్టేషను కొండ కింద ఉంది. అదే ఆఖరి రైలు. ఆయన తెల్ల తెర దాకా వచ్చేసరికి బౌలర్ ఈ వైపు నుంచి పరుగు మొదలుపెట్టాడు. హెడ్లీ చెయ్యి లేచింది. ఫెన్విక్ ఆగాడు.

ఓవర్ ఎంతకీ తెమలదు. ఒక నోబాల్ పడింది. తర్వాతి బంతిని బ్యాట్స్‌మన్ లేపి కొడితే పాదిరిగారి తోటలో పడింది. ఫీల్డర్ వెళ్ళి బంతి వెతుకుతూ, పాదిరిగారి భార్య ఇచ్చిన నిమ్మరసం కూడా తాగి వచ్చాడు. ఫెన్విక్ గడియారం చూసుకున్నాడు. చివరికి ఓవర్ అయింది. అంపైర్ టోపీ సర్దుకున్నాడు, ఫీల్డర్లు చోట్లు మారారు, బౌలింగ్ అటువైపుకి పోయింది.

హెడ్లీ చెయ్యి దిగలేదు.

దించాలని అతనికి తెలుసు. బౌలర్ ఆ చివర ఉంటే ఈ చివర ఏనుగుల్ని తోలుకెళ్ళినా తప్పులేదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ ఆ చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ నిలబడలేదు. తన అత్తగారొచ్చినప్పుడు కూడా న్యాయం తప్పలేదు. కానీ ఈ చెయ్యి దించితే ఈయన వెళ్తాడు, వెళ్ళి ఒక్క మాట అంటాడు, ఇక ఏ జూలైలోనూ ఇక్కడ చెయ్యెత్తే పని ఉండదు. హెడ్లీ కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి గాల్లోనే ఉంది.

ఫెన్విక్ అటు చివరనున్న బౌలర్‌ని చూశాడు. హెడ్లీ చెయ్యి చూశాడు. గడియారం చూశాడు. సంచీ కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"ఒరేయ్, బౌలర్ అటువైపురా," అని వెనకనుంచి రెజ్ గొణిగాడు. అన్నాక గానీ అతనికి వెలగలేదు. వెలిగాక మాత్రం నోరు మూసుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఓవర్ కూడా అయింది. తర్వాతిది మళ్ళీ ఈ వైపు నుంచి, న్యాయంగానే చెయ్యెత్తాల్సిన ఓవర్. దాని మధ్యలో కొండ కింద రైలు కూత వేసి వెళ్ళిపోయింది. హెడ్లీ ఓవర్ అవగానే చెయ్యి దించాడు. ఫెన్విక్ టోపీ అంచు తాకి, "థాంక్యూ," అని సంచీ తీసుకుని టీ డేరా వైపు వెనక్కి నడిచాడు.

హెడ్లీకి లోపల బాజాలు మోగాయి. అవి ఎంతోసేపు మోగలేదు. పిండి చేతులు తుడుచుకోకుండానే మావిస్ గడ్డి మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆట నడుస్తుండగా ఆవిడ పరిగెత్తడం ఆ ఊరు చూడటం అదే మొదటిసారి.

"ఏం చేశావయ్యా? ఆయన్ని ఎందుకు ఆపావు?"

"మూసెయ్యమనడానికి వెళ్తున్నాడే పిచ్చిదానా! మన మైదానాన్ని నేను కాపాడాను."

"కాపాడావా? నీ మొహం కాపాడావు! ఆయన నాలుగు ముక్కలు తిన్నాడు. 'అమ్మా, ఇలాంటి చోటు దేశంలో ఇంకెక్కడా మిగల్లేదు. ఈ రాత్రి మీటింగులో దీని కోసం మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే. పోట్లాడి వస్తాను,' అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని మరీ అన్నాడు!"

"మరి ఆ మొహం?"

"సంతోషమొస్తే ఆయన మొహం అలాగే ఉంటుందట!"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. హెడ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

మావిస్ మాత్రం కూలబడే రకం కాదు. రెజ్ జబ్బ పట్టుకుని లాక్కెళ్ళి శవాల బండి తీయించింది. ఫెన్విక్‌ని ముందు సీట్లో కూచోబెట్టింది. బండి బయల్దేరింది. కానీ ఏం లాభం? ఇన్నేళ్ళుగా శవాల వెనక ఏడ్చేవాళ్ళు నడిచేంత మెల్లగా బండి తోలిన కాలు రెజ్‌ది. ఎంత తొక్కుదామన్నా దానికి ఆ మర్యాద వదల్లేదు. దారిలో ఎదురైన వాళ్ళందరూ టోపీలు తీసి నిలబడుతుంటే రెజ్ ఇంకొంచెం నెమ్మది చేసేవాడు. వాళ్ళు మార్చెస్టర్ చేరేసరికి కమిటీవాళ్ళు కోట్లు తొడుక్కుంటున్నారు. ఆల్డర్‌విక్ తరపున మాట్లాడేవాడు లేడు కాబట్టి సూపు చల్లారకముందే పని కానిచ్చేశారట. వాయిదా అన్న మాటే ఎవరూ ఎత్తలేదు.

ఆ చలికాలం హెడ్లీకి నరకమైంది. కొట్లోకి వచ్చిన ప్రతివాడూ గుమ్మంలో ఆగి, కుడి చెయ్యి పైకెత్తి, "రావచ్చా ప్రౌస్? ఓవర్ అయిందా?" అని అడిగి మరీ లోపలికొచ్చేవాడు. మావిస్ తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. కేకు చేయడం మానేసింది. తిట్లకన్నా అదే అతన్ని ఎక్కువ కోసింది. ఎన్నాళ్ళో చెమటోడ్చి సంపాదించుకున్న ఒక్క గౌరవాన్నీ ఒక్క దొంగ ఓవర్‌కి అమ్ముకున్నానని తనని తాను తిట్టుకోని రోజు లేదు.

మళ్ళీ జూలై వచ్చింది. కౌంటీ రాలేదు. ఆ వారంలోనే ఊరి జట్టు పక్క ఊరివాళ్ళతో ఒక శనివారం ఆట పెట్టుకుంది. జనం గుప్పెడు మంది. హెడ్లీ ఇంట్లో ఉండలేక మడత కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేసుకున్నాడు. పొద్దున్న ఏమనుకుందో ఏమో, మావిస్ కూడా ఒక ప్లమ్ కేకు చేసింది. చెయ్యెత్తబుద్ధి మాత్రం హెడ్లీకి కాలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తుతాడు?

బౌలర్ ఈ వైపు నుంచి పరుగు తీస్తుండగా గేటు బయట నల్లకోటు కనబడింది. ఫెన్విక్. హెడ్లీ ఉలిక్కిపడి లేచి గేటు బార్లా తెరిచాడు.

"రండి సార్, రండి. మీకు అడ్డేమిటి?"

ఫెన్విక్ గేటు దాటలేదు. "ఓవర్ నడుస్తోంది కదయ్యా," అన్నాడు. "చెయ్యెత్తు ప్రౌస్."

హెడ్లీ చెయ్యెత్తాడు. గేటుకి అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడ్డారు. ఒక బంతి పడింది. ఇంకోటి పడింది. హెడ్లీ ఇక దాచుకోలేకపోయాడు.

"సార్, పోయినేడు మీరు వెళ్తుంటే... మధ్యలో ఆ ఓవర్..."

"బౌలర్ అటువైపున్నాడు. చూశాను."

"చూశారా? తెలిసీ ఎందుకాగారు సార్?"

"నీ చెయ్యి లేచి ఉంది కదా."

హెడ్లీ పైకెత్తిన తన చెయ్యి వైపు చూసుకున్నాడు.

"రైల్వేలో అన్నేళ్ళు చేశాను ప్రౌస్. ఒక్కోసారి ఎర్ర దీపం తప్పుగా పడేది. తప్పని తెలుసు. అయినా దాటలేదు. ఒక్కడు దాటితే రేపటినుంచి ఏ దీపానికీ ఎవడూ ఆగడు."

"దాటి ఉంటే కౌంటీ ఇక్కడే ఉండేది సార్."

"ఉండేదేమో." ఫెన్విక్ మొహం బారెడు పొడుగున కిందికి వేలాడింది. అంటే ఆయన సంతోషంగా ఉన్నాడన్నమాట. "కానీ ఆ తర్వాత నీ చేతికి ఎవడాగేవాడు? ఈ చోట నాకు నచ్చింది అదేనయ్యా, మీ ఆవిడ కేకు తర్వాత."

ఆఖరి బంతి పడింది. అంపైర్ ఓవర్ అన్నాడు. హెడ్లీ ఆ క్షణంలోనే చెయ్యి దించాడు. ఫెన్విక్ గేటు దాటి లోపలికొచ్చాడు.