వరహాలమ్మ జడ

అయినా నేను ఒక అబద్ధాన్ని అని ఎలా అంటారు? నాలో ఉన్న ప్రతి వెంట్రుకా ఆ తలమీద మొలిచిందే, ఆ తలనుంచి రాలిందే. రాలినదాన్ని పోగుచేసి మళ్ళీ ఆ తలకే కట్టుకుంటే అందులో మోసం ఎక్కడుంది? ఈ మోసం ప్రశ్న వరహాలమ్మ కూడా తనలో తాను వేసుకునేది. వేసుకుని, జవాబు వచ్చేలోపే ఏదో పని వెతుక్కునేది. ఒకే మనిషి తల వెనక ఏళ్ళ తరబడి వేలాడుతున్నదాన్ని, ఆ తలలో ఏం తిరుగుతుందో నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? నాకు తెలియనిదల్లా ఆమె ముఖం. ఆమె అద్దంలో చూసుకునేటప్పుడు నేను ఎదురుగోడ చూస్తూ ఉండేదాన్ని.

నేను ఒక సవరాన్ని. జుట్టు పలచబడిన ఆడవాళ్ళు జడలో కలిపి అల్లుకునే వెంట్రుకల పాయను. పిఠాపురం దగ్గర పల్లెలో వరహాలమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, తల దువ్విన ప్రతిసారీ దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్ని వాళ్ళమ్మ వేలికి చుట్టి ఉండ చేసేది. చూరులో దోపిన గుడ్డసంచిలో దాచేది. అప్పట్లో ఇంటింటా ఉన్న అలవాటే అది. ఆడపిల్ల జుట్టు ఎప్పటికైనా అక్కరకొస్తుందని వాళ్ళ నమ్మకం.

అక్కరకు వచ్చింది. పెళ్ళయిన కొత్తలో వరహాలమ్మకు టైఫాయిడ్ తగిలింది. జ్వరం తగ్గింది గాని జుట్టు ఊడిపోయింది. అత్తగారు మిగిలినదాన్ని గుప్పెట్లో పట్టి చూసి, "ఎలక తోకలా ఉందేవే" అంది. ఆవిడ ఆ మాట మర్నాటికే మర్చిపోయి ఉంటుంది. వరహాలమ్మ పుట్టింటికి వెళ్ళి చూరులో సంచి దింపించింది. సవరాలు కట్టే మనిషి ఒకామె అరుగుమీద కూర్చుని, చిక్కులు విడదీసి, కుంకుడు రసంలో ఉతికి, మొదళ్ళన్నీ ఒకవైపుకు చేర్చి నల్లదారంతో బిగించింది. అలా పుట్టాను.

ఇక ఆ జడకు వచ్చిన పేరు చూడాలి. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఏ నూనె రాస్తావని అడిగేవారు. భర్త నూకరాజు కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు. నలుగురిలో ఆ జడ సంగతే గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన నిద్ర లేవకముందే ఆమె నన్ను అల్లేసుకునేది. ఒకసారి ఆయన సంతనుంచి వస్తూ నల్లదారం ఉండ ఒకటి తెచ్చి, ఏమీ అనకుండా అద్దం కింద గూట్లో పెట్టి వెళ్ళిపోయాడు. నా మెడ దగ్గర దారం చివికిందని ఆయనకు ఎవరు చెప్పారు? వరహాలమ్మ ఆ ఉండను చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత ఆ సంగతిమీద మనసులోనే ఒక గుడ్డ కప్పేసింది. తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడంలో మనుషులకున్న నేర్పు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాత ఇంకో తమాషా జరిగింది. ఆమె తల నెరిసింది, నేను నెరవలేదు. పిల్లతనంనాటి వెంట్రుకల్ని నేను, నాకు ముసలితనం ఎక్కడిది? నాతో సరిపోవడానికి ఆమె తన తలకు రంగు వేసుకోవడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి సవరమో చెప్పడం కష్టమయింది.

నూకరాజు పోయాక ఆమెకు పట్నంలో పెద్దాస్పత్రి వెనక సందులో ఉన్న ఇల్లు మిగిలింది. ముందుగది ఆస్పత్రికి వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చేది. జబ్బుమనిషి పేరు అడగకూడదని ఒక నియమం పెట్టుకుంది. పేరు తెలిస్తే, మనిషి వెళ్ళిపోయినా అది గదిలో ఉండిపోతుందని భయం. ఆ నియమం చాలాకాలం నిలిచింది. ఒకరోజు భీమవరం వైపునుంచి దుర్గ అనే అమ్మాయి కూతురితో దిగింది. భర్త రొయ్యల చెరువు దగ్గర కాపలా, వీలున్నప్పుడు వచ్చి చూసి పోతాడు. దుర్గ గొంతు తగ్గించి "బ్లడ్ క్యాన్సరండి" అంది. వరహాలమ్మ తలూపి లోపలికి తిరిగింది. ఆమె తిరగ్గానే నాకు పిల్ల కనిపించింది. సన్నగా, పెద్ద కళ్ళతో, నన్నే చూస్తోంది.

"మామ్మా, నీ పేరేంటి?"

వరహాలమ్మ ఆగిపోయింది. ఎదుటివాళ్ళే పేరు అడుగుతారని ఆమె నియమంలో లేదు. "వరహాలమ్మ" అంది.

"నాది తన్మయి. నీ జడ నిజందేనా?"

"నిజంది కాక? అబద్ధం జడలు కూడా ఉంటాయేంటే?"

"లాగి చూడనా?"

"అమ్మో! లాగితే ఏడుస్తాను."

"నేనయితే సూది గుచ్చితే కూడా ఏడవను" అంది తన్మయి. అది కోతలు కొయ్యడమని తర్వాత తెలిసింది.

దుర్గ మర్చిపోయిన పాల ఫ్లాస్కు ఇచ్చి వద్దామని వరహాలమ్మ ఓసారి వార్డుకు వెళ్ళింది. పిల్ల చేతికి నరం దొరక్క సిస్టరు అవస్థ పడుతోంది. పిల్ల గుప్పెట బిగించి గింజుకుంటోంది. వరహాలమ్మకు సూది అంటే చచ్చేంత భయం. మంచం అంచున కూర్చుని అటు తిరిగిపోయింది. ఇటు నేను మిగిలాను. పిల్ల చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నన్ను పట్టుకుంది. రెండో చెయ్యి వదులయింది.

"మామ్మా, చూడకు."

"నేనెక్కడ చూస్తున్నానే? నువ్వూ చూడకు."

"నేను నీ జడే చూస్తున్నా."

అప్పటినుంచి అదే వాడుక అయింది. సూది ఉన్న రోజున వరహాలమ్మ వెళ్ళడం, వీపు తిప్పి కూర్చోవడం, పిల్ల నన్ను పట్టుకోవడం. ఊడి చేతికొస్తానేమోనని ఆమె హడలిపోయేది. ఆ ఉదయాల్లో నన్ను మరింత దారం చుట్టి, మరిన్ని పిన్నులు దోపి కట్టుకునేది. పిల్ల లాగినప్పుడల్లా పిన్నులు మాడుకు గుచ్చుకుని ఆమె కళ్ళనీళ్ళు తిరిగేవి. పక్కమంచాలవాళ్ళు, పాపం ఎవరి పిల్లో ఏమో, ఎంత ఇదైపోతోందో చూడండి అని మెచ్చుకునేవారు. ఆ కన్నీళ్ళలో పిన్నులవి ఎన్ని, ప్రేమవి ఎన్ని అనేది ఆమెకే తెలిసేది కాదు.

ఇంటి దగ్గర ఇద్దరూ అష్టాచెమ్మా ఆడేవారు. వరహాలమ్మ గవ్వలు దొంగతనంగా తిప్పేది, తన్మయి పట్టేసేది.

"మామ్మా, నువ్వు తొండి!"

"నీ కళ్ళు మండా, డేగలా చూస్తావేంటే!"

పేరు అడగకూడదన్న మనిషి, ఇప్పుడు రోజంతా ఆ పేరే పిలుస్తోంది.

మందులు ఒంట్లోకి వెళ్ళేకొద్దీ పిల్ల జుట్టు రాలసాగింది. దిండుమీద, గౌనుమీద, పప్పన్నంలో. దుర్గ చూడలేక బయటికి వెళ్ళిపోయేది. అప్పుడు వరహాలమ్మ దువ్వెన తీసుకునేది. మెల్లిగా దువ్వి, చిక్కిన వెంట్రుకల్ని వేలికి చుట్టి ఉండ చేసేది. ఆ వేలు కదిలే తీరు నాకు తెలుసు. అది వాళ్ళమ్మ వేలు. పాత రవికలోంచి చింపిన ఎర్రగుడ్డలో ఆ ఉండలు వేసి, పురుగు పట్టకుండా ఎండు వేపాకూ కర్పూరం బిళ్ళా పెట్టి, మూట కట్టి తన పరుపు కింద దాచింది. తగినంత పోగయ్యాక, తనకు పుట్టినట్టే ఈ పిల్లకూ ఒకటి పుట్టాలని ఆమె కోరిక.

"ఎందుకు మామ్మా దాస్తున్నావు?"

"తర్వాత చెప్తాలే. ఎవరికీ చెప్పకు, ఏం?"

పిల్ల పొంగిపోయింది. ఆస్పత్రిలో పిల్లలకు రహస్యాలు చెప్పేవాళ్ళు ఉండరు, వాళ్ళ దగ్గర దాచేవాళ్ళు తప్ప.

ఒక మధ్యాహ్నం దుర్గ పరుపు ఎండలో వేద్దామని, మామ్మగారికి సాయం చేసినట్టుంటుందని, లోపలికి వచ్చి పరుపు ఎత్తింది. నాకు గోడే కనిపిస్తోంది గాని ఆమె గొంతు వినబడింది.

"ఇదేంటండీ మామ్మగారూ? ఇది నా పిల్ల జుట్టు కదండీ!"

"అవునే."

"ఎర్రగుడ్డలో ఎందుకు కట్టారండి? ఈ వేపాకేంటి, కర్పూరమేంటి?"

"పురుగు పట్టకుండానమ్మా."

"రాలిపోయిన జుట్టుకి పురుగు పడితే మీకేంటండి?"

తన్మయి మామ్మను ఆదుకుందామనుకుంది. "అమ్మా, అది సీక్రెట్. ఎవరికీ చెప్పొద్దంది మామ్మ."

ఎర్రగుడ్డ, వేపాకు, కర్పూరం, తలవెంట్రుకలు. దుర్గ పుట్టిన ఊళ్ళో అలాంటి మూటకు ఒకటే అర్థం, చేతబడి. "ఏం చేస్తున్నారండి నా పిల్లకి?" అంది, అరుపుకీ ఏడుపుకీ మధ్యన.

ఒక్క మాట చాలు, సవరం కోసమని. ఆ మాట వరహాలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న నిలబడి ఉన్నట్టు ఆమెకు తోచింది, ఈ పని నీకెలా తెలుసని. ఎవరూ అడగని ఆ రెండో ప్రశ్నకు భయపడి ఆమె మొదటిదానికి జవాబు చెప్పలేదు. దుర్గ దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంది. మూట తీసుకెళ్ళి కాలవలో పారేసి వచ్చింది. పిల్లను గడప దాటనివ్వలేదు. వేరే గది వెతకడం మొదలుపెట్టింది.

ఆ పూట వరహాలమ్మ అన్నం ముందు కూర్చుని, ఎలక తోక, ఎలక తోక అని మనసులో అనుకుంటూనే ఉంది. ఆ మాట అన్న మనిషి పోయి ఎంతో కాలమయింది.

సూది రోజు వచ్చింది. తల్లీకూతుళ్ళిద్దరే వెళ్ళారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. అరుగుమీద దుర్గ ఎవరితోనో ఫోనులో ఏడుస్తూ చెప్పడం కిటికీలోంచి వినబడింది. "గుప్పెట తెరవలేదయ్యా. ముగ్గురు పట్టుకున్నా తెరవలేదు. గుచ్చిన చోట నరం ఉబ్బిపోయింది. రేపు పిల్లని తీసుకురమ్మన్నారు, ఇక ఆలస్యమైతే జబ్బు మళ్ళీ తిరగబెడుతుందంటున్నారు. అదేమో, మామ్మ జడ కావాలంటోంది."

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ నన్ను అల్లుకుంది. అల్లుతుంటే వేళ్ళు మామూలుకన్నా వదులుగా ఉన్నాయి. పిన్నులు పెట్టలేదు. నాకు అర్థం కాలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను.

వార్డులో దుర్గ ఎదురొచ్చింది. "మీరు రాకండి మామ్మగారూ. దణ్ణం పెడతాను."

"వస్తాను. వచ్చి వెళ్ళిపోతాను" అంది వరహాలమ్మ. పక్కనుంచి నడిచి వెళ్ళి, ఎప్పటిలాగే మంచం అంచున అటు తిరిగి కూర్చుంది. నాకు తన్మయి కనిపించింది. నున్నటి తల, వాచిన కళ్ళు, పిడికిలి బిగించిన చెయ్యి. పిల్ల నన్ను పట్టుకోబోయింది.

"ఆగవే" అంది వరహాలమ్మ.

రిబ్బను విప్పింది. అల్లిక విప్పింది. మెడ దగ్గర దారం ముడి దగ్గరికొచ్చేసరికి వేళ్ళు ఆగాయి. ఆ తలలో అత్తగారు, నీళ్ళ దగ్గరి ఆడవాళ్ళు, గూట్లో దారం ఉండ, అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వార్డంతా చూస్తోంది. ఆమె ముడి లాగేసింది. నేను ఆమె ఒళ్ళో పడ్డాను.

"ఓలమ్మ, సవరమా! ఇన్నాళ్ళూ అబద్ధం జడా!" అంది పక్కమంచం దగ్గరి ఆవిడ.

వరహాలమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "దుర్గా, ఇట్టాంటిది కట్టిద్దామనే దాచానే. దాని జుట్టుతో, దానికే" అంది.

దుర్గ ఆమె ఒళ్ళో పడి ఉన్న నన్ను చూసింది. తర్వాత, "కాలవలో పారేశానండీ" అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

"పోనీలే. చెప్పనిది నేను కదా."

వెనకనుంచి తన్మయి ఆ పలచటి, మొదళ్ళు నెరిసిన కుచ్చును వేలితో తాకింది. "మామ్మా, నీకూ ఊడిపోయిందా?"

"ఎప్పుడోనే. జ్వరమొచ్చి."

"మళ్ళీ మొలిచిందా?"

"మొలిచింది. ఇదిగో, ఇంతే మొలిచింది."

"నాకు?"

వార్డులో అందరూ ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు చెబుతారు, గబగబా. వరహాలమ్మ మాత్రం, "నాకు తెలీదే బంగారం" అంది. "నాకన్నా ఒత్తుగా రావాలనే నాకుంది."

తన్మయి ఆలోచించింది. తర్వాత ఫక్కున నవ్వింది. "నువ్వు జడలో కూడా తొండేనా మామ్మా!"

వరహాలమ్మ నన్ను భుజం మీదుగా వెనక్కి అందించింది. తన్మయి పిడికిలి తెరిచి నన్ను తీసుకుంది. రెండో చెయ్యి మంచంమీద చాపి పెట్టింది. సిస్టరు సూది అందుకుంది.

వీపు తిప్పి కూర్చోవలసిన పని ఇక ఆమెకు లేదు. సూది భయం మాత్రం ఉంది. ఆమె మంచం కోడు పట్టుకుని, మెల్లిగా, ఇటు తిరిగి కూర్చుంది. కళ్ళు మూసుకోలేదు.

ఆమె గడ్డంమీద ఒక పచ్చబొట్టు చుక్క ఉంది. ఇన్నేళ్ళూ నాకు తెలియదు.