గురువారం గుమ్మడికాయలు

సోమందేపల్లిలో మా కిరాణా అంగడి ప్రాథమిక పాఠశాల గేటుకు ఎదురుగా ఉంటుంది. పొద్దున దేవుడి పటానికి దీపం పెట్టి తలెత్తితే మొదట కనిపించేది బడి పిల్లలే. ఆ బడిలో గురువారం కూరగాయల సంత పెడుతున్నారని అందుకే నాకు ముందుగా తెలిసింది.

ఆలోచన హెడ్మిస్ట్రెస్ అనురాధ మేడమ్‌ది. చాలామంది పిల్లల ఇళ్ళలో వారానికి నాలుగు రోజులు చారు మెతుకులే అని ఆమె గమనించింది. హిందూపురం మార్కెట్ నుంచి రెండు చేతులు మారి మా ఊరికొచ్చే కూరగాయలు వాడిపోయి ఉంటాయి, ధర మాత్రం వాడదు. నల్లమాడ దగ్గర బోరు కింద కాయగూరలు పండించే చంద్రశేఖర్ అనే రైతుతో ఆమె మాట్లాడింది. మార్కెట్లో దళారి ఇచ్చే ధరకు ఆటో ఖర్చు మాత్రం కలుపుకుని, వారానికొకసారి బడి వరండాలోనే అమ్మేందుకు అతను ఒప్పుకున్నాడు. బడి వదిలే వేళకు తల్లులు సంచులు పట్టుకుని వచ్చేవాళ్ళు.

నాకు మొదట్లో మనసొప్పలేదు. సరస్వతి ఉండే చోట తక్కెడ పెట్టొచ్చా అని ఇంట్లో అన్నాను.

"అన్నపూర్ణ వస్తానంటే సరస్వతి వద్దంటాదా?" అంది నా భార్య భవాని.

టమాటా, వంకాయ, తోటకూర ఉన్నన్నాళ్ళూ సంత బాగా సాగింది. తర్వాత చంద్రశేఖర్ చేనులో గుమ్మడి కాపుకొచ్చింది. సగం చేను అదే. వరుసగా రెండు గురువారాలు గుమ్మడికాయలు ఎట్లా వచ్చినవి అట్లాగే ఆటోలో తిరిగి వెళ్ళిపోయాయి. మూడో గురువారం వరండా మెట్ల మీద వాటిని దించుతూ అతను మేడమ్‌తో అన్న మాట నాకూ వినపడింది.

"ఈరోజు కూడా ఇట్లే అయితే ఇంక రాను మేడమ్. అన్నీ కలిపి హిందూపురం దళారికే ఏస్తా."

మేడమ్ ముఖం చిన్నబోయింది. తల్లులను ఒక్కొక్కరినీ అడిగింది. ఒకామె ఇంట్లో తినరంది. ఇంకొకామె వాతమంది. కృష్ణమ్మ అయితే మోయలేనంది, బిందెడు నీళ్ళు చంకలో పెట్టుకుని పరిగెత్తే మనిషి. ఈ ఆడవాళ్ళే శనివారం బస్టాండు దగ్గర తోపుడుబండి మీద గుమ్మడి ముక్కలు ఎక్కువ ధర పెట్టి కొనడం నేను చూశాను. అదే నాకు అర్థం కాలేదు.

అప్పుడే ఓబులమ్మ చింతపండుకని అంగడికి వచ్చింది. కొడుకూ కోడలూ బెంగళూరులో బిల్డింగు పనుల్లో ఉంటే, మూడో తరగతి చదివే మనవరాలు వసుధను ఆమే చూసుకుంటుంది.

"ఏమక్కా, నీకు గుమ్మడికాయ పడదా?" అన్నాను.

"పడకేమప్పా. మా వసుధకు పానం."

"మరి తీసుకోవేమి?"

ఆమె నన్ను తిక్కవాణ్ణి చూసినట్టు చూసింది. "మా ఇంట్లో మొగోడు యాడుండాడు శెట్టప్పా? నిండు కాయ మీద ఆడది మొదటి కత్తి పెడతాదా?"

నిజమే. మా వైపు నిండు గుమ్మడికాయ అంటే ఇంటి పెద్దకొడుకుతో సమానం. మగవాడు మొదటి కోత పెట్టాలి, తర్వాత ఎవరు తరిగినా దోషం లేదు. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఆ కోత నేనే పెడుతున్నాను, అయినా నాకు తట్టలేదు. ఆ బడి చుట్టూ సగం ఇళ్ళలో మగవాళ్ళు బెంగళూరులోనే ఉంటారు.

"ఈ మాట మేడమ్‌కు చెప్పల్ల కదక్కా?"

"సదువుకున్నామె, నవ్వతాది. ఇంట్లో మొగోళ్ళు లేరని నలుగురిలో చెప్పుకునేదేముండాదిలే."

అంగడి భవానికి అప్పజెప్పి రోడ్డు దాటాను. చంద్రశేఖర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా చంద్రా, ముక్కలు కోసి అమ్మరాదా?"

అతను తల దించుకున్నాడు. "నేను కోయకూడదప్పా. ఇంట్లో ఏడో నెల."

భార్య కడుపుతో ఉంటే భర్త గుమ్మడికాయ మీద కత్తి పెట్టడు. మేడమ్‌కు ఆ మాట చెప్పడానికి అతనికి సిగ్గు. బడిలో ముగ్గురు టీచర్లూ ఆడవాళ్ళే. కొనేవాళ్ళు కోయలేరు, అమ్మేవాడు కోయలేడు. కాయలు మాత్రం మెట్ల మీద వరుసగా కూర్చుని ఉన్నాయి.

కదిరి నరసింహస్వామి కత్తి పట్టిన చేయి ఎవరిదని చూస్తాడా, ఆకలి ఎవరిదని చూస్తాడా? ఈ ప్రశ్న నాకు అక్కడే వచ్చింది. ఆచారం తప్పో ఒప్పో తేల్చేంత చదువు నాకు లేదు. కావలసింది ఒక మగ చేయి. నాకు రెండున్నాయి.

అంగట్లో బెల్లం కొట్టే కత్తి కడిగి, కుంకుమ పెట్టి తెచ్చాను.

"ఏమిటి శెట్టిగారూ, కత్తితో వచ్చారు?" అంది మేడమ్.

చెప్పాను. ఆమె నవ్వలేదు. "మా ఇంట్లోనూ ఆయనే కోస్తారు. ఎందుకని నేనెప్పుడూ అడగనే లేదు" అంది.

మొదట ఓబులమ్మ కాయ ఎంచుకుంది. స్వామిని తలుచుకుని కోత పెట్టాను. లోపల పసుపు ముద్దలా ఉంది. వసుధ గింజలు ఏరుకోవడానికి వంగింది. ఆ తర్వాత వరస కట్టారు. పక్కపక్క ఇళ్ళవాళ్ళు చెరి సగం పంచుకున్నారు.

"శెట్టప్పా, అంగట్లో బెల్లం ఇంత లావు ముక్క ఒకనాడన్నా కొట్టిచ్చినావా?" అంది కృష్ణమ్మ.

"మోయలేనంటివి కదమ్మా, సగమే ఇయ్యల్లనా?"

"ఇప్పుడు మోస్తాలే, కొయ్యి."

మెట్లు ఖాళీ అయ్యాయి. చంద్రశేఖర్ గోతాలు మడిచి ఆటోలో వేసుకుంటూ, "వచ్చే గురువారం ఎన్ని తెచ్చేది మేడమ్?" అన్నాడు. మేడమ్ గట్టిగా ఊపిరి వదిలింది. ఆపైన ఆఫీసు గదిలోకి వెళ్ళి, బల్ల కింద దాచుకున్న కాయ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"మా ఆయన ధర్మవరం నుంచి ఆదివారం గానీ రారు. నాకు పట్టింపేం లేదనుకోండి" అంది.

కోసిచ్చాను.

సాయంత్రం ఒకరు బెల్లమడిగితే కత్తి ఎత్తలేకపోయాను, మణికట్టు పట్టేసింది. భవాని నా చేతిలోంచి కత్తి తీసుకుని ఒక్క దెబ్బకు బెల్లం అచ్చును రెండు ముక్కలు చేసింది. బెల్లానికి ఏ పట్టింపూ లేదు. ఎందుకు లేదో మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.