ఎర్రచుక్క వైపు

నేను ఒక షవర్ కుళాయి పిడిని. ఒక పక్కకు తిప్పితే ఎర్రచుక్క, వేడినీళ్లు; ఇంకో పక్కకు నీలం చుక్క, చన్నీళ్లు. కార్ఖానాలో నన్ను మెరుగుపెట్టి పెట్టెలో సర్దినప్పుడు నా అంత అందగత్తె లేదనుకున్నాను. ఆదిలాబాద్‌లో పోశెట్టి సారు ఇంటి గోడకెక్కాక ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు.

సారు హైస్కూల్లో పిల్లలకు ఉష్ణం పాఠం చెబుతాడు. ఇంట్లో మాత్రం నన్ను ఎర్రచుక్క దాకా నెట్టి, గది నిండా ఆవిరి కమ్మేదాకా నిలబడతాడు. బయటికొస్తూ కరెంటు పొదుపని గీజర్ స్విచ్ ఆపేస్తాడు. ఆ తర్వాత ఆయన భార్య సుగుణ వస్తుంది. మొదటి చలికాలంలో నాలుగు రోజులు నన్ను ఎర్రవైపు తిప్పి చూసింది. మిగిలితేగా! ఐదో రోజు నుంచి నేరుగా నీలం వైపే తోసేది. "ఈ గీజర్ చిన్నగున్నది" అని సారు పెద్దది తెచ్చాడు. తెచ్చి, ఇంకాసేపు నిలబడ్డాడు.

ఇలా పదకొండేళ్లు. ఆయన వేలితో తోస్తే చాలు, నేను ఎర్రవైపు వయ్యారంగా తిరిగేదాన్ని. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

మొన్న ఆదివారం సారు పొద్దున్నే కటింగ్ షాపుకు పోయాడు. వచ్చాక ఎలాగూ తలమీద నీళ్లు పోసుకోవాలి కదా, ముందు స్నానం చేయలేదు. ఆ రోజు సుగుణే ముందు చేసింది. ఆయన వచ్చేసరికి కరెంటు లేదు. ఇక చన్నీళ్లే గతి అని గొణుక్కుంటూ, సుగుణ వదిలినట్టే నడిమధ్యన ఉన్న నన్ను అలవాటుగా ఎర్రవైపు తిప్పాడు. పొగలు కక్కే నీళ్లు దూకాయి. ఒళ్లంతా కడుక్కున్నా అయిపోలేదు.

తల తుడుచుకుంటూ వంటింటి వైపు కేకేశాడు. "ఇన్ని వేడినీళ్లు మిగిలినయేందే? నువ్వు పోసుకోలేదా?"

"పోసుకున్న. సగం చన్నీళ్లు కలుపుకున్న."

"ఇంత చలిల గోరువెచ్చటి నీళ్లు సాల్తయా?"

"నాకేం ఎరుక? ఎన్నడన్న మిగిల్తే గద, ఎంత వేడి గావాల్నో ఎరుకైతది."

ఆమె మామూలుగానే అంది. సారు మాత్రం తువ్వాలు పట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. పాఠం అప్పజెప్పలేని పిల్లాడి మొహం అది. తర్వాత అద్దానికి సుగుణ అంటించిన బొట్టుబిళ్లల్లో ఒకటి పీకి, నేను నడిమధ్యకొచ్చే చోట గోడకు అంటించాడు.

సోమవారం ఆయన ఆ బొట్టు దాటలేదు. తొందరగా బయటికొచ్చాడు. స్విచ్ ఆపలేదు.

సుగుణ వచ్చింది. అలవాటు కొద్దీ నన్ను నీలం వైపు తోసింది. గోడమీద గీజర్ నిండా వేడినీళ్లున్నాయి; నాకు నేనుగా తిరగలేను కదా!

"నీళ్లు వేడిగున్నయా?" తలుపు అవతల సారు గొంతు. పదకొండేళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

ఆమె చెయ్యి వెనక్కొచ్చి నన్ను బొట్టు దాకా తిప్పింది. ఆ వేళ్లు ఎంత చల్లగా ఉంటాయో ఇన్నేళ్లూ తెలిసింది నాకొక్కదానికే.